పదో ప్రశ్న

“ఆ ఓడ కమ్మీల సందులోంచి మన గోపిగాడు జారిపోతే ఏటి సేస్తామే?”

గంజి వారుస్తూ దేవి అడిగింది. ఓడ ఎక్కడానికి ఇంకా నెల రోజులుంది. ఏ ఓడ ఎక్కాలో కూడా తేలలేదు.

“ఫొటో సూడమ్మా. సందు నాలుగు వేళ్ళే ఉన్నాది. వాడి తలకాయ పట్టదు,” అంది యమున.

“పట్టకపోతే ఇరుక్కుంటాది. అప్పుడో?”

ఐదేళ్ళ గోపి వెంటనే వెళ్ళి కిటికీ ఊచల మధ్య తల పెట్టి చూశాడు. ఇరుక్కుంది. కొబ్బరినూనె రాసి, ముందు ఒక చెవి, తర్వాత ఇంకో చెవి బయటికి తీశారు.

“నేను సెప్పలేదేటి?” అంది దేవి. ఆమెకి నవ్వూ రాలేదు, కోపమూ రాలేదు. కళ్ళలో నీళ్ళొచ్చాయి.

యమున నాన్న మోహనకృష్ణ గరివిడిలో ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. ఫర్నేసు దగ్గర పని. ఇరవై ఏళ్ళు పూర్తయినవాళ్ళని ఈసారి కుటుంబంతో సహా ఓడ ప్రయాణానికి పంపుతామన్నారు. క్రిస్మస్ సెలవుల్లో వైజాగ్‌లో ఎక్కడం, మూడు రోజులకి మళ్ళీ వైజాగ్‌లో దిగడం. రెండు ఓడలున్నాయి. ఏదో ఒకటి ఎంచుకుని శనివారం లోపల ఫారం ఇవ్వాలి.

ఆ రెండు ఓడల కాగితాలూ యమున ముందు చాప మీద ఉన్నాయి. ఒకటి తెల్ల ఓడ. దాని మీద ఎత్తయిన జారుడుబల్ల ఉంది. మూడో అంతస్తులో బయల్దేరి, రెండు మెలికలు తిరిగి నీళ్ళ తొట్టిలో పడుతుంది. రెండోది నీలం ఓడ. కొంచెం పాతది. పారాదీప్ దాకా వెళ్ళి వస్తుంది. దానికి జారుడుబల్ల లేదు.

ఆరో తరగతి చదివే యమునకి ఏ ఓడ కావాలో ఎవరూ అడగక్కర్లేదు.

దేవికి నీళ్ళంటే భయం. ఇంట్లో బకెట్టులో సగం నీళ్ళున్నా మూత పెట్టేది. ఆమె ఆరేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు వాళ్ళ నాన్న కళింగపట్నంలో చేపల వేటకని పడవెక్కాడు. మళ్ళీ రాలేదు. పడవా రాలేదు.

అలాంటి దేవి ఓడకి ఒప్పుకుందంటే కారణం అమ్మమ్మ. అమ్మమ్మ పేరు లక్ష్మణమ్మ. ఇంత కావాలి, అంత కావాలి అని ఏనాడూ అడిగిన మనిషి కాదు. ఓడ మాట వినగానే మాత్రం చేటలో బియ్యం పక్కన పెట్టి, “నన్నూ తీసుకెల్తారేటి?” అని అడిగింది. దేవి కాదనలేకపోయింది.

కాదనలేకపోయింది గాని, నోటుబుక్కు వెనక పేజీలో తొమ్మిది ప్రశ్నలు రాసింది. ఐదో తరగతి వరకే చదివిన చెయ్యి. అక్షరాలు వంకరగా ఉన్నా ప్రశ్నలు గట్టివి. కమ్మీలు ఎంత ఎత్తు? డాక్టరు రాత్రిళ్ళు కూడా ఉంటాడా? లైఫ్ జాకెట్టు ఐదేళ్ళ పిల్లాడి కొలతకి ఉందా? గది తలుపు గడియ పిల్లాడికి అందుతుందా? ఇలా సాగి తొమ్మిదోది: ఓడ మునిగితే ముందు ఎవరిని దింపుతారు?

“నువ్వే ఫోన్ సెయ్యవే. వాళ్ళు ఇంగ్లీషులో మాటాడితే నాకు గొంతు పోతాది,” అని దేవి పుస్తకం యమున చేతికిచ్చింది.

గోడవారన చింతపండు గింజలు తీస్తున్న అమ్మమ్మ తలెత్తింది.

“నాదీ ఒకటి అడుగే, తల్లీ. ఆ ఓడ మన కళింగపట్నం ముందునుంచి ఎల్తాదా? ఎల్తే ఏ ఏళకి ఎల్తాది?”

“అలాగే అమ్మమ్మా.”

“రాసుకో మరి.”

“గుర్తుంటాదిలే,” అంది యమున.

అమ్మ గోపికి తలంటడానికి పెరట్లోకి వెళ్ళింది. అమ్మమ్మ కుంకుడుకాయలు పట్టుకుని వెనకాలే వెళ్ళింది. యమున ముందు తెల్ల ఓడవాళ్ళకి ఫోన్ చేసింది. ఒకమ్మాయి చకచకా జవాబులు చెప్పింది. కమ్మీల బదులు అద్దాల గోడ ఉంది. డాక్టరు ఎప్పుడూ ఉంటాడు. చిన్నపిల్లల జాకెట్లు ఉన్నాయి.

తర్వాత నీలం ఓడ. అక్కడ ఎవరో పెద్దాయన గొంతు. ప్రతి ప్రశ్నకీ ఆగి, ఆలోచించి చెప్పాడు. తొమ్మిదోది చదవడానికి యమునకి సిగ్గేసింది. ఆయన మాత్రం నవ్వలేదు.

“ముందు పిల్లల్ని, వాళ్ళతోపాటు వాళ్ళ తల్లుల్ని దింపుతాం. మీ అమ్మగారికి చెప్పు. ఇంకేమైనా అడగాలా తల్లీ?”

యమునకి అమ్మమ్మ ప్రశ్న గుర్తుంది. గుర్తుండే, పెరటివైపు చూసింది. నీలం ఓడ వెళ్తుందని ఈయన అంటే? అప్పుడు జారుడుబల్ల సంగతి?

“ఏమీ లేదండీ,” అంది.

దేవి తడి చేతులు తుడుచుకుంటూ వచ్చి జవాబులన్నీ విన్నది. రెండు ఓడలకీ తొమ్మిదికి తొమ్మిది మార్కులొచ్చాయి.

“ఇప్పుడెలాగ? మరి మీ అమ్మమ్మ అడగమన్నది?”

“ఆఁ, అడిగాను. తెల్ల ఓడ ఎల్తాదట.”

గుమ్మంలో అమ్మమ్మ ఆగిపోయింది. “ఏ ఏళకే?”

“సీకటి పడతన్నప్పుడు.”

కంఠతా పట్టిన పాఠంలా ఆ మాట సులువుగా వచ్చేసింది. అమ్మమ్మ రెండుసార్లు తలూపింది.

“అయితే అదే రాసీండి,” అంది దేవి.

శుక్రవారం నాన్న ఫారం ఇచ్చేశాడు. గోపి మంచం మీంచి కిందికి, అరుగు మీంచి వీధిలోకి జారడం సాధన చేశాడు. లాగు వెనక చిరుగు పడింది.

పది రోజులు గడిచాయి. ఒక సాయంత్రం యమున స్కూలునుంచి వచ్చేసరికి అమ్మమ్మ వాకిట్లో కూర్చుని ఒక పాత లాంతరు తోముతోంది. గ్లాసు లోపల ముగ్గుపిండి వేసి, మెత్తటి గుడ్డతో తిప్పుతోంది.

“కరెంటుంది కదా, ఇదెందుకమ్మమ్మా?”

“ఇది మీ ఎల్లాజీ మావకి పంపాలి. ఒత్తి కొత్తది ఏసాను.”

ఎల్లాజీ మావ దేవికి అన్న. కళింగపట్నంలోనే ఉంటాడు. ఇప్పటికీ వేటకి వెళ్తాడు.

“మావకెందుకు?”

అమ్మమ్మ గ్లాసుని వెలుతురుకెత్తి చూసింది. ఇంకొంచెం మసి కనబడింది. మళ్ళీ తుడవడం మొదలుపెట్టింది.

“మా ఇళ్ళల్లో ఆడోళ్ళు పడవెక్కరే. ఎక్కితే గంగమ్మకి కోపమనీవోరు. పుట్టిన కాడ్నించి సముద్రం ఒడ్డునే ఉన్నాను. ఒడ్డు మీంచి సముద్రాన్ని సూడ్డమే గాని, సముద్రం మీంచి ఒడ్డెలా ఉంటాదో నాకు తెల్దు. ఓడంటే పడవ కాదు కదా. గంగమ్మ ఏటీ అనుకోదు.”

యమున స్కూలు బ్యాగు దించకుండా నిలబడింది.

“ఆ రోజు పొద్దుగూకే ఏళకి గాలి లేసిపోనాది. పడవలన్నీ వొచ్చీసినాయి, మీ తాతది తప్ప. నేను ఈ లాంతరు పట్టుకొని ఇసక దిబ్బ మీద నిలబడ్డాను. ఈ సెయ్యి లాగితే ఆ సెయ్యి. ఆ సెయ్యి లాగితే ఈ సెయ్యి. తెల్లారిపోనాది.”

“తర్వాత?”

“తర్వాతేటుంది. ఒకాయనన్నాడు, అంత దూరానికి లాంతరేటి కనిపిస్తాది, ఉత్తినే నిలబడ్డావు అనీసి. ఇంకొకాయనన్నాడు, కనిపిస్తాది అత్తా, సూసే ఉంటాడు అనీసి. ఇద్దరూ సముద్రం తెలిసినోళ్ళే. ఎవుల మాట నిజమో ముప్ఫై ఏళ్ళై తెల్దు నాకు.”

గ్లాసు ఇప్పుడు తళతళలాడుతోంది. అమ్మమ్మ దాన్ని జాగ్రత్తగా లాంతరులో బిగించింది.

“ఎల్లాజీకి సెప్పీసినాను. ఆడు ఆ దిబ్బ మీదే దీన్ని పట్టుకుంటాడు. నేను ఓడ మీంచి సూస్తాను. కనిపించిందనుకో…”

ఆ మాట పూర్తి చెయ్యకుండానే వేరేది అడిగింది.

“ఓడలో ఏ పక్కన నిలబడాలే? కుడా, ఎడమా?”

యమున నోరు తెరిచింది. ఈసారి జవాబు సులువుగా రాలేదు. “హోంవర్కుంది అమ్మమ్మా,” అని లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు అమ్మ కుళాయి దగ్గరికి వెళ్ళినప్పుడు యమున మళ్ళీ ఫోన్ తీసింది. తెల్ల ఓడ అమ్మాయి నవ్వుతూ చెప్పింది: “మాది నేరుగా సముద్రం లోపలికి పోయి తిరిగి వచ్చేస్తుందమ్మా. ఒడ్డు ఎక్కడా కనపడదు. అందరికీ అదే ఇష్టం.”

నీలం ఓడ పెద్దాయన గొంతు గుర్తుపట్టాడు. “పారాదీప్ దారి కదా, ఒడ్డు వెంబడే పోతాం. ఐదున్నర, ఆరింటికి కళింగపట్నం దాటుతాం. ఆరేడు కిలోమీటర్ల దూరంలో. లైట్‌హౌస్ చక్కగా కనిపిస్తుంది, ఎడమ పక్కన. మొన్నే అడిగుంటే చెప్పేవాణ్ణి కదా తల్లీ.”

ఆ సాయంత్రం అందరూ అన్నాలకి కూర్చున్నారు. చారులో చెయ్యి పెట్టి యమున అంది:

“నేను అడగలేదు.”

“ఏటి అడగలేదు?” అన్నాడు నాన్న.

“అమ్మమ్మ ప్రశ్న. తెల్ల ఓడ అటు ఎల్లదు. నాకు జారుడుబల్ల కావాలని… నేనే సెప్పీసాను, ఎల్తాదని.”

గోపి ఒక్కడే తింటున్నాడు. నాన్న కంచంలోంచి చెయ్యి తీశాడు. ఎప్పుడు ఏం ముంచుకొస్తుందో అని రోజుకి వంద ఊహించుకునే దేవికి ఈ ఒక్కటి మాత్రం ఊహలోకి రాలేదు. ఆమె తిట్టలేదు. తిడితే బాగుండునని యమునకి అనిపించింది.

అమ్మమ్మ లేచి చెయ్యి కడుక్కుంది. వాకిట్లో ఉన్న లాంతరుని పాత చీర ముక్కలో చుట్టి, మంచం కిందికి తోసింది.

“అమ్మమ్మా, కోపమా?”

అమ్మమ్మ అటు తిరిగి పడుకుంది.

నాన్న మర్నాడే ఆఫీసుకి వెళ్ళాడు. తల దించుకుని తిరిగొచ్చాడు.

“ఫారం మార్చుతారట. కాని నీలం ఓడలో మూడే ఖాళీలున్నాయి. మనమేమో ఐదుగురం.”

తర్వాత నాన్నే అన్నాడు, “నేనుండిపోతానులే. ఇరవై ఏళ్ళు ఫర్నేసు ముందు నిలబడ్డాను. ఓడ ముందు నిలబడకపోతే ఏటి?”

“మీ బహుమానమే కదండీ అది,” అంది దేవి నెమ్మదిగా.

నాన్న నవ్వాడు. ఆ నవ్వు యమున చూడలేకపోయింది.

గోపి అమ్మని వదిలి ఒక్క పూట ఉండలేడు. ఇంకా ఒకరు మిగలాలి.

“నేనూ ఉండిపోతాను,” అంది యమున. “మావ కాదు, లాంతరు నేను పట్టుకుంటాను.”

“నువ్వా? ఆ ఒడ్డునా? కెరటం వస్తేనో?” అని దేవి వెంటనే నోటుబుక్కు అందుకుంది. ఈసారి ప్రశ్నలు యమునకి. నీళ్ళకి ఎంత దూరంలో నిలబడతావు? చెప్పులు ఉంటాయా, విప్పేస్తావా? నాన్న చెయ్యి పట్టుకుంటావా? యమున ఒక్కొక్కదానికీ ఎదురుగా జవాబు రాసి, కింద సంతకం పెట్టింది.

జారుడుబల్ల పోయిందని గోపి రెండు రోజులు ఏడ్చాడు. “నావల్లే పోయిందిరా,” అని యమున చెప్పింది. వాడు ఒక పూటంతా అక్కతో పలకలేదు. యమున బతిమాలలేదు.

అమ్మమ్మ పలికేది. అన్నం పెట్టేది, జడ వేసేది. లాంతరు మాట మాత్రం ఎత్తలేదు. యమున మరో రెండుసార్లు “కోపమా?” అని అడిగింది. రెండుసార్లూ అమ్మమ్మ ఇంకో పనిలోకి వెళ్ళిపోయింది.

ప్రయాణం రోజు పొద్దున్న గరివిడి స్టేషన్‌లో వైజాగ్ వెళ్ళే రైలు ఆగింది. అమ్మమ్మ ఎక్కబోతూ వెనక్కి తిరిగింది. చీర ముక్కలో చుట్టిన లాంతరుని యమున చేతిలో పెట్టింది. రైలు కదిలింది.

యమున, నాన్న శ్రీకాకుళం మీదుగా బస్సులో కళింగపట్నం చేరేసరికి మధ్యాహ్నమైంది. ఒడ్డున వలల మీద చేపలు ఎండుతున్నాయి.

“ఓడెక్కి ఐస్‌క్రీం తినాల్సినదానివి, ఈ ఎండుసేపల కంపులోకి వొచ్చావేటే?” అన్నాడు ఎల్లాజీ మావ.

యమున తల దించుకుంది. మావకి సంగతి తెలుసు. ఇంకేమీ అనకుండా లాంతరులో కిరసనాయిలు పోసి, “దిబ్బ సూపిస్తాను పద,” అన్నాడు.

ఇసుక దిబ్బ అంత ఎత్తేమీ లేదు. యమున నీళ్ళ దగ్గర్నుంచి ముప్ఫై అడుగులు కొలుచుకుని దాని మీద నిలబడింది. ఎండ తగ్గింది. గాలి చల్లబడింది. లైట్‌హౌస్ వెలిగింది. మావ అగ్గిపుల్ల గీసి లాంతరు వెలిగించాడు.

కుడిపక్కన, చాలా దూరంలో, దీపాల దండ ఒకటి నీళ్ళ మీద కనిపించింది.

“అదే,” అన్నాడు మావ.

యమున రెండు చేతులా లాంతరు పైకెత్తింది. నాన్న ఫోన్ కలిపి ఆమె చెవి దగ్గర పెట్టాడు.

“అక్కా, ఇక్కడ జారుడుబల్ల లేదు. ఐస్‌క్రీం ఎంతడిగితే అంత ఇస్తన్నారు,” అన్నాడు గోపి.

ఫోన్ అమ్మ లాక్కుంది. “నీళ్ళకి ఎంత దూరంలో ఉన్నావు?”

“ముప్ఫై అడుగులమ్మా. నువ్వు కమ్మీ పట్టుకున్నావా?”

“ఒక సేత్తో కమ్మీ, ఒక సేత్తో మీ తమ్ముడు. ఫోను బుజం మీద ఉన్నాది.”

“అమ్మమ్మకియ్యమ్మా.”

గాలి హోరు వినిపించింది. తర్వాత ఎవరిదో ఊపిరి.

“అమ్మమ్మా, లాంతరు ఎత్తాను. కనిపిస్తన్నాదా?”

జవాబు రాలేదు.

దీపాల దండ మెల్లగా ఎడమకి జరుగుతోంది. యమున కుడిచెయ్యి లాగింది. బరువంతా ఎడమచేతికి మార్చింది. అది కూడా లాగింది. మళ్ళీ మార్చింది. తెల్లారేదాకా ఇలాగే నిలబడ్డ మనిషి గుర్తొచ్చింది.

“సిగ్నలు పోయిందేమో,” అన్నాడు మావ.

పోలేదు. ఊపిరి వినిపిస్తూనే ఉంది.

కనిపిస్తోంది అనడం ఎంత సులువో యమునకి తెలుసు. ఒక్క మాట. అవతలివాళ్ళు తలూపేస్తారు. అక్కడితో అయిపోతుంది.

“నేకపోతే నేదని సెప్పు అమ్మమ్మా,” అంది, అమ్మమ్మ యాసలోనే. “నేను లాంతరు దించను.”

ఓడ లైట్‌హౌస్ ముందుకొచ్చింది. దాటింది. చివరి దీపాలు చిన్నవైపోతున్నాయి. నాన్న యమున మోచేతుల కింద తన చెయ్యి ఆసరా పెట్టాడు. ఆమె వద్దంది.

అప్పుడు పలికింది అమ్మమ్మ.

“లైటుహౌసు కనిపిస్తన్నాది. ఊరి దీపాలు కనిపిస్తన్నాయి.” కాసేపు గాలి. “నీ లాంతరు కనిపించడం నేదే, తల్లీ.”

యమున లాంతరు దించలేదు.

“కనిపించకపోయినా నువ్వక్కడ నిలబడ్డావని నాకు తెలుస్తన్నాది,” అంది అమ్మమ్మ. “మీ తాతకీ తెలిసే ఉంటాది.”